పైకప్పుకి వేలాడే పదిహేడు

సాస్కటూన్,
సెప్టెంబర్ 14, 2013

దరీనా, ఓ నిరుద్యోగ పట్టభద్రురాలా,

బోర్లా పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకో. ఇక్కడి నర్సులు నన్ను పెనం మీద అట్టులా చూసుకుంటున్నారు, కాకపోతే ఒకే వైపు కాలుస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా చక్రాల కుర్చీలో కూర్చున్న ఒంటికి చివరికి కూర్చోవడమే జబ్బయింది. నడుం కింద నాకు స్పర్శ లేదు కాబట్టి పుండు పడిన సంగతి నాకంటే ముందు మీ నాన్న కనిపెట్టాడు. డాక్టరు కోసి, కుట్టి, మానేదాకా కూర్చోవద్దన్నాడు. నడవలేని మనిషిని కూర్చోవద్దు కూడా అంటే ఇక మిగిలిందేమిటి? ఉత్తరాలు రాయడం.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోనులో మన చుట్టాలందరికీ ఆసుపత్రి గొంతు వచ్చేస్తుంది. "స్టెఫా... ఎలా ఉన్నావమ్మా..." అని మొదలెడతారు, నేను ఆల్రెడీ శవపెట్టెలో ఉన్నట్టు. కాగితం మీద ఎవరూ అంత నెమ్మదిగా మాట్లాడలేరు.

విషయానికొస్తాను. నేను లేనన్ని రోజులూ, మంచు మీద కూర్చుని హాకీ ఆడే మన జట్టుకి నువ్వే కోచ్‌వి. నీకు డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు, అందరికీ వంకలు పెట్టే నోరుంది. ఇంతకు మించిన అర్హతలు ప్రపంచంలో ఏ కోచ్‌కీ ఉండవు. ఆదివారం పొద్దున్నే రింక్‌కి వెళ్ళు. కూర్చునే స్లెడ్‌ల అడుగున బ్లేడ్లు పదును పెట్టించు. కర్రల చివర ఉన్న ఇనప పళ్ళు చూడు, అవి అరిగిపోతే మంచుని నెట్టలేక అందరూ ఉన్నచోటే తిరుగుతూ ఉంటారు, మన ఊరి కమిటీలాగా. కాళ్ళు బాగున్న మగాళ్ళు సరదాకి స్లెడ్ ఎక్కుతామని వస్తే రానీ, మనకి మనుషులు తక్కువ. కానీ వాళ్ళకి పక్ బిళ్ళ ఎక్కువసేపు వదలకు. ఎవరైనా "స్ఫూర్తి" అన్న మాట వాడితే బయటికి పంపించి తలుపెయ్యి.

మీ నాన్న మన గరాజులో ఇనప గొట్టాలు అతికి నాలుగు స్లెడ్‌లు చేసిచ్చిన రోజున ఊళ్ళో ఒక్కరూ మనల్ని పట్టించుకోలేదు. ఎంత హాయిగా ఉండేదో! ఇప్పుడు అందరూ చప్పట్లు కొడుతున్నారు. జాగ్రత్త.

సీజన్ ఆఖరి ఆటకి నేను మంచు మీద ఉంటాను. ఇది కోరిక కాదు, సమాచారం.

మీ బోర్లా అత్త,
స్టెఫానియా


కలీనా క్రీక్,
అక్టోబర్ 20, 2013

మహారాణి అత్తకి,

నువ్వు పాతిన విత్తనం మొలిచి, చెట్టయి, ఇప్పుడు నా నెత్తిన పడింది. జిల్లా పేపర్లో మన జట్టు గురించి వ్యాసం వచ్చింది. నీ ఫోటో సగం పేజీ. నీ ఆట గురించి ఒక్క వాక్యం లేదు, నీ చిరునవ్వు గురించి మూడు పేరాలు. నువ్వెప్పుడు నవ్వావో నాకు గుర్తులేదు, బహుశా ఎండ కళ్ళలో పడి ఉంటుంది.

ఆ వ్యాసం చదివి మనుషులు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. హోల్బెక్ నుంచి ముగ్గురు ఒకే వ్యాన్‌లో దిగారు. హాకీలో తాతల నాటి నుంచి మన శత్రువులైన హోల్బెక్ వాళ్ళకి మన మంచు మీద మనమే నేర్పుతున్నాం. చూసి నాన్న, "పాముకి పాలు పోస్తున్నావు" అన్నాడు. అని, వాళ్ళ స్లెడ్‌లకి నట్లు తనే బిగించాడు.

మేయర్ కూడా వచ్చాడు. ఫోటో కోసం స్లెడ్ ఎక్కాడు. పట్టీలు కట్టించుకోనన్నాడు. "నాకెందుకమ్మా, నాకు కాళ్ళున్నాయి కదా" అన్నాడు. రెండు బ్లేడ్లు పక్కపక్కనే ఉంటాయని ఆయనకెవరూ చెప్పలేదు. పక్కకి ఒరిగి, తాబేలులా పడి, కాళ్ళున్నా లేవలేకపోయాడు. వెళ్ళి లేపింది రోండా.

రోండా ఎవరని అడుగుతావు కదా. స్కూలు బస్సు నడిపేది, చక్కెర జబ్బుతో మొన్న వేసవిలో ఒక కాలు తీసేశారు. నోరు నీ అంత, వేగం నీకంటే ఎక్కువ. మొదటిరోజే గోల్ వేసి "ఇంత సుఖం బస్సులో లేదే" అంది. ఆవిడకి సరిపడే స్లెడ్ లేకపోతే నీది ఇచ్చాను. ఊరికే గోడకి ఆని పడుంది కదా!

చర్చి విందులో క్యాబేజీ చుట్టలు అమ్మి కొత్త స్లెడ్‌లకి డబ్బు పోగేశాం. ఆ రెండు రోజులూ వంటగదిలో కమిటీ అధ్యక్షురాలు ఐరీన్ నాకు చుట్టడం నేర్పింది. "యూనివర్సిటీలో ఇది చెప్పలేదా?" అని ప్రతి చుట్టకీ అడిగింది.

పోయిన శనివారం మనం గెలిచాం అత్తా! నువ్వు లేకుండానే!

నీ ప్రతినిధి,
దరీనా


సాస్కటూన్,
నవంబర్ 3, 2013

శ్రీమతి కోచ్ గారికి,

నీ ఉత్తరం అందింది. సంతోషంతో బోర్లా పడిపోయేదాన్నే, కానీ ముందే బోర్లా ఉన్నాను.

గోడకి ఆని పడున్న వస్తువు! ఆ సీటు నా ఒంటికి అచ్చుపోసింది, తెలుసా? మీ నాన్న నురుగు పోసి, నన్ను అందులో కూర్చోబెట్టి, గట్టిపడేదాకా కదలకు అన్నాడు. ఆ చలి గరాజులో గంటసేపు బొమ్మలా కూర్చుంటే, తను ఎదురుగా కూర్చుని చిన్నప్పటి గొడవలన్నీ తీశాడు. ఇప్పుడందులో రోండా కూర్చుంది. బాగుంది. రోండాకి నా సీటు, నీకు నా ఈల, మేయర్‌కి నా ఫోటో. నాకు మాత్రం పక్క మంచంలో మిసెస్ ఫెల్కర్. ఆవిడ రోజంతా టీవీలో ఇళ్ళు కొనేవాళ్ళని చూస్తూ "ఆ వంటగది కొనకండి" అని వాళ్ళకి సలహాలిస్తూ ఉంటుంది.

నేను లేకుండానే గెలిచారన్న వాక్యం చివర ఆశ్చర్యార్థకం పెట్టావు. ఎందుకు? ఆశ్చర్యమా, ఆనందమా?

డాక్టరు ఇవాళ పుండు చూసి "అందంగా మానుతోంది" అన్నాడు. నా ఒంట్లో అందంగా ఉందని ఒక మగాడు అన్నది ఇన్నేళ్ళకి ఇదే మొదటిసారి. అది కూడా నేను చూసుకోలేని చోట.

మీ నాన్న ఎందుకు ఉత్తరం రాయడు? చేతులకి ఏమైనా పుండ్లు పడ్డాయా?

పాత సామాను,
స్టెఫానియా


కలీనా క్రీక్,
డిసెంబర్ 8, 2013

అత్తా,

అలకలు ఆపు. నీకు కొత్త సీటు పోయించాలనే ఆ స్లెడ్ ఇచ్చేశాను. శస్త్రచికిత్స అయ్యాక నీ వెనకభాగం పాత ఆకారంలో ఉండదని డాక్టరే నాన్నతో చెప్పాడు. పాత అచ్చులో కూర్చుంటే మళ్ళీ పుండే. ఈ మాట పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది. కానీ మేయర్ పడిపోవడం వర్ణించేసరికి కాగితం అయిపోయింది.

ఇక్కడి వార్తలు. రింక్‌లో ఆటగాళ్ళ బెంచీ ముందున్న చెక్క గోడ తీసేసి, అవతలికి కనబడే పలకలు వేశారు. ఇన్నేళ్ళూ మనవాళ్ళు స్లెడ్‌లో కూర్చుని ఆట బదులు చెక్క చూశారు కదా, ఇప్పుడు ఆట కనబడుతోంది. గడప కూడా మంచుకి సమానం చేశారు. ఎవరూ ఎవర్నీ ఎత్తక్కర్లేదు. నాన్నే దగ్గరుండి చేయించాడు. రాత్రి భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడడు కానీ ఆ గడప గురించి అడిగితే అరగంట చెబుతాడు.

హోల్బెక్ ముగ్గురూ విడిపోయారు. సొంత జట్టు పెట్టుకున్నారు! మన పాత స్లెడ్‌లు అడిగి మరీ పట్టుకెళ్ళారు. నేను పళ్ళు నూరుతూ ఇచ్చాను. సీజన్ ఆఖరి ఆట వాళ్ళతోనే, మార్చి 22న, మన రింక్‌లో.

ఇక పెద్ద వార్త. కూర్చో. సరే, పడుకునే ఉండు. ఆ రోజు ఆటకి ముందు కమిటీ నీ జెర్సీని పైకప్పుకి ఎక్కిస్తోంది. పదిహేడో నంబరు. జెండా పక్కన. మన ఊళ్ళో ఇంతవరకు ఇద్దరికే జరిగిందిది. ఒకాయన పెద్ద లీగుకి ఆడాడు, ఒకాయన పోయాడు. నీకు చెప్పకుండా ఆశ్చర్యపరచాలని ఐరీన్ అనుకుంది. నిన్ను ఆశ్చర్యపరిస్తే ఏమవుతుందో తెలిసినదాన్ని కనక నేనే చెబుతున్నాను.

ప్రతిపాదన ఎవరిదో ఊహించు. మా నాన్నది. ఆయన కమిటీలో నోరు విప్పడం ఇదే మొదటిసారి అని సమావేశం వివరాలు రాసే ఆవిడ కలం కింద పడేసింది.

సంతోషమేనా?

దరీనా


సాస్కటూన్,
డిసెంబర్ 19, 2013

దరీనా,

సంతోషమే. ఎంత సంతోషమంటే, మిసెస్ ఫెల్కర్ టీవీ ఆపి నన్ను చూసింది.

నువ్వు హాకీ ఊళ్ళో పుట్టావు. జెర్సీ పైకి వెళ్తే ఏమిటి అర్థం? ఆ నంబరు ఇక ఎవరూ వేసుకోకూడదు. ఎవరూ అంటే అందులో నేను కూడా వస్తానా? వెళ్ళి అడుగు. పెద్ద లీగుకి ఆడినాయన వదిలేసి వెళ్ళాడు. రెండో ఆయన చచ్చి వెళ్ళాడు. నేను ఏ దారిన వెళ్తున్నానని మీ అంచనా? దండేసి సాగనంపడం అంటారు దీన్ని. చప్పట్లు కొడుతూ గెంటేస్తే గెంటినట్టు కాదు కాబోలు.

నేను ఈ ఊరిని ఒక్కటే అడిగాను. మంచు. ఆదివారం పొద్దున, ఎవరికీ అక్కర్లేని వేళ, కాస్త మంచు. పైకప్పు అడగలేదు.

రోండా వేగంగా ఉంది, జట్టు గెలుస్తోంది, హోల్బెక్ ఆట ముఖ్యమైనది. నలభై ఒక్కేళ్ళ ముసలిది కొత్త తోలుతో వచ్చి డిఫెన్స్‌లో నెమ్మదిగా తిరిగితే కోచ్ గారికి ఇబ్బంది. సూటిగా రాస్తే సరిపోయేదే. పైకి ఎక్కించి మరీ చెప్పాలా?

క్రిస్మస్‌కి రావద్దు. ఇక్కడ కుర్చీలు తక్కువ.

స్టెఫానియా


కలీనా క్రీక్,
జనవరి 7, 2014

అత్తా,

నీ ఉత్తరం క్రిస్మస్ ముందు రాత్రి విందులో, పన్నెండు వంటకాల మధ్య తెరిచాను. బీట్‌రూట్ చారు గొంతు దిగలేదు. థాంక్స్.

ఇప్పుడు నా వంతు. నేను ఈ ఊళ్ళో ఎందుకున్నాననుకుంటున్నావు? టొరంటోలో నా స్నేహితురాళ్ళు ఆఫీసుల్లో కూర్చుని నీళ్ళ సీసాల మీద తమ పేర్లు అంటించుకుంటున్నారు. నేను ఆదివారం తెల్లారకముందే లేచి పెద్ద మనుషుల పట్టీలు బిగిస్తున్నాను. నీ స్థానం నాకు కావాలా? ఈల రుచి ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. తుప్పు.

కమిటీని అడిగాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"పదిహేడు పైకి వెళ్ళాక అత్త వేరే నంబరుతో ఆడొచ్చా?" అన్నాను.

ఐరీన్ నా చెయ్యి పట్టుకుని, "కానీ తను రిటైరయింది కదా బంగారం" అంది.

"అవలేదండీ. ఆసుపత్రిలో ఉంది."

"అదేనమ్మా నేనూ అంటున్నది."

"ఆవిడ్ని అడిగారా?"

"అడిగితే వద్దంటుంది. అంత వినయం!"

అత్తా, నీకు వినయం! నేను బల్ల మీద తల కొట్టుకున్నాను. చలికి తల తిరిగిందేమో అనుకుని కాఫీ ఇచ్చారు.

ఇంటికొచ్చి నాన్న మీద పడ్డాను. "ఎందుకు చేశావు?" అంటే గోడవైపు చూశాడు. ఆయన నోట్లోంచి మాట రాబట్టడం కంటే మంచులోంచి బంగాళదుంపలు తవ్వడం తేలిక. చివరికి అన్నాడు: "కారు సీటు మీద నెత్తురు కడిగింది నేను." అంతే. తర్వాత, "పుండులో ఎముక కనబడింది. అది మాత్రం, మధ్యాహ్నం ఆటకి టైమవుతోంది, తొందరగా కట్టుకట్టు అంటోంది. నంబరు పైన ఉంటే ఇక దిగదు. సిగ్గుపడైనా ఇంట్లో ఉంటుంది" అన్నాడు.

నీకు ఉత్తరం ఎందుకు రాయడో నాకప్పుడు తెలిసింది. అది రాయాలంటే నువ్వు చచ్చిపోతావని భయపడ్డానని రాయాలి. మన ఇంట్లో ఆ అలవాటు లేదు కదా.

ఆయన చేసింది తప్పే. చెప్పాను. కానీ నిన్ను గెంటడానికి కాదు. నువ్వు మార్చి 22న రా. వచ్చి కమిటీని నీ నోటితోనే తిట్టు. నా నోరు వాళ్ళకి పాతబడింది.

నీ కోచ్ కాదు, మేనకోడలు,
దరీనా


కలీనా క్రీక్,
ఫిబ్రవరి 16, 2014

అత్తా,

ఆ తర్వాత రాసిన రెండు ఉత్తరాలూ తిరిగొచ్చాయి. ఫోన్ చెయ్యొద్దన్న నీ ఆజ్ఞ మీరి ఆసుపత్రికి చేశాను. నిన్ను జనవరిలోనే పంపేశామన్నారు. ఎక్కడికంటే చెప్పకూడదన్నారు. మిసెస్ ఫెల్కర్‌ని అడిగితే "మంచి వంటగది ఉన్న ఇంటికి వెళ్ళింది" అని పెట్టేసింది.

అలగడం నీ జన్మహక్కు. ఏ ఊళ్ళో అలిగావో చెప్పి అలగొచ్చు కదా? నాన్న రోజూ రింక్ నుంచి వచ్చి పోస్టు పెట్టె తెరుస్తాడు. మూస్తాడు. నువ్వు మళ్ళీ ఆసుపత్రిలో పడ్డావని ఆయన అనుకుంటున్నాడు. నువ్వు నన్ను అసహ్యించుకుంటున్నావని నేను అనుకుంటున్నాను. ఎవరిది నిజమైనా బాగుండదు.

ఈ ఉత్తరం నీ స్నేహితురాలు లోయిస్‌కి పంపుతున్నాను. హోల్బెక్‌లో ఉన్నా మంచి మనిషి. నువ్వెక్కడున్నావో ఆవిడకి తెలిసి ఉంటుంది.

దరీనా


హోల్బెక్,
ఫిబ్రవరి 24, 2014

ఒసేయ్ దరీనా,

లోయిస్‌కి తెలుసు. ఎందుకంటే ఆవిడ వంటగదిలో కూర్చునే ఇది రాస్తున్నాను. అవును, కూర్చుని.

నీ జనవరి ఉత్తరం నేను బయల్దేరే రోజున అందింది. చదివాను. జవాబు నాలుగుసార్లు మొదలెట్టి నాలుగుసార్లు చింపాను. ఆ అలవాటు మన ఇంట్లో లేదని నువ్వే రాశావు కదా. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు. ఆశ్చర్యార్థకం గురించి అన్నది ఉంచుకుంటున్నాను.

డాక్టరు స్లెడ్ ఎక్కొచ్చన్నాడు. కొత్త అచ్చు సీటు, మెత్తటి దిండు, కాసేపు ఆడి కాసేపు దిగాలి, దిగిన ప్రతిసారీ లోయిస్ అద్దం పెట్టి చూడాలి. లోయిస్ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. ఆవిడకి నా చర్మం మీద నాకున్నంత ప్రేమ లేదు, అనుమానం ఉంది. అదే మంచిది.

ఇక్కడి జట్టులో మనుషులు తక్కువ. వాళ్ళ కెప్టెన్ వచ్చి ఏమన్నాడో తెలుసా? మీ కథ విన్నాం, మీ ధైర్యం గొప్పది, ఇవేమీ అనలేదు. "డిఫెన్స్ ఆడతావా? మా ఎడమవైపు ఖాళీ" అన్నాడు. పెళ్ళి ప్రస్తావన వచ్చినా నాకు అంత సిగ్గు వేసేది కాదు.

ఇక్కడ పదిహేడు ఎవరూ వేసుకోవడం లేదట.

ఐరీన్‌కి చెప్పు, సన్మానానికి తప్పకుండా వస్తున్నానని. కాస్త తొందరగా ముగించమను. నాకు తర్వాత పనుంది. మీ నాన్నకి ఏం చెప్పాలో నీకే వదిలేస్తున్నాను. అబద్ధం మాత్రం చెప్పకు, ఆయనకి అద్దం సంగతి కూడా చెప్పు.

శత్రువు,
స్టెఫానియా


కలీనా క్రీక్,
మార్చి 24, 2014

దుర్మార్గురాలైన అత్తకి,

అక్కడ ఉన్నదానివి నువ్వే అయినా, నీకు కనబడనివి కొన్ని ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

నువ్వు హోల్బెక్ ఆకుపచ్చ జెర్సీలో మంచు మధ్యకి వచ్చినప్పుడు ఐరీన్ ప్రసంగం చదువుతోంది. "మన స్టెఫానియా ఇక మన మధ్య..." దగ్గర తలెత్తి చూసింది. కాగితంలో తర్వాతి మాట "ఆడకపోయినా" అని ఉంది. నేను టైప్ చేశాను కనక నాకు తెలుసు. ఆవిడ నిన్ను చూసింది, కాగితం చూసింది, మళ్ళీ నిన్ను చూసింది, కాగితంలో ఉన్నదే చదివేసింది. నిజాయితీగల మనిషి. పైన ఒక పదిహేడు ఎక్కుతోంది, కింద ఇంకో పదిహేడు కర్రతో మంచు గీరుతోంది. జనానికి ఏం చెయ్యాలో తెలియక చప్పట్లు కొట్టారు. అలవాటు.

మొదటి అంకమంతా నీకు చప్పట్లే. నువ్వు మా పక్ లాక్కున్నా చప్పట్లే. మా గోల్‌కీపర్ కోపంతో ఎర్రబడ్డ కళ్ళతో జనంవైపు చూశాడు. రెండో అంకంలో సమానంగా ఉన్నాం. రోండా ఒంటరిగా మీ గోల్ వైపు దూసుకెళ్ళింది, అది గోలే, కళ్ళు మూసుకున్నా గోలే. అప్పుడు నువ్వు పక్కనుంచి వచ్చి, స్లెడ్ ముక్కుతో, ఆవిడ నడుం మీద అడ్డంగా గుద్దావు. అలా గుద్దకూడదని నాకు నేర్పింది నువ్వే. రోండా గోడ దాకా దొర్లి, తలకిందులుగా ఉండి కూడా, "ఏమే ముసలిదానా, నా బస్సు కింద పడితే ఆపను!" అంది. అది నువ్వు విన్నావు, నవ్వావు. పేపర్ వాడికి ఆ ఫోటో దొరకలేదు పాపం.

నువ్వు చూడనిది ఇది. స్టెఫానియాని తిట్టొచ్చా అని ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు, తప్పు చేసినవాళ్ళని రెండు నిమిషాలు కూర్చోబెట్టే శిక్ష గది తలుపు దగ్గర తాళం పట్టుకుని నిలబడ్డ మా నాన్న, కమిటీలో కలం కింద పడేయించిన ఆ మనిషి, రింక్ పైకప్పు ఎగిరేలా అరిచాడు:

"రెండు నిమిషాలేమిటయ్యా రిఫరీ! బయటికి పంపు దాన్ని! చిన్నప్పటి నుంచీ తొండాటే!"

అంతే, గట్టు తెగింది. ఊరు ఊరంతా లేచి నిన్ను ఛీ కొట్టింది. ఐరీన్ ప్రసంగం కాగితం ఉండచుట్టి మంచు మీదికి విసిరింది. మేయర్ అన్న మాట నేను రాయను, మన పోస్ట్ మాస్టర్ ఉత్తరాలు చదువుతాడు.

నాన్న నీకు తలుపు తీసినప్పుడు ఏమన్నాడో నాకు వినబడలేదు. పలక అవతల మీ ఇద్దరి నోళ్ళూ కదలడమే కనబడింది. అడిగితే "గడప బాగుందంది" అన్నాడు. నువ్వు చెప్పు.

మేం ఓడిపోయాం. నీకు సన్మానం చేసి మరీ ఓడిపోయాం. ఛీ.

దరీనా


హోల్బెక్,
మార్చి 29, 2014

దరీనా,

లోయిస్ అద్దం పెట్టి చూసింది. ఎర్రగా కూడా లేదంది. ముందు ఇది మీ నాన్నకి చెప్పి, తర్వాత మిగతాది చదువు.

తలుపు దగ్గర ఏమన్నాడంటే, "నొప్పిగా ఉందా?" అన్నాడు. "నాకు తెలీదు, ఒరెస్ట్" అన్నాను. ఎప్పుడూ తెలీదు కదా. "సరే, రెండు నిమిషాల్లో నేను చెబుతాలే" అని, ఆ రెండు నిమిషాలూ నా పక్కనే నిలబడ్డాడు. శత్రువుల శిక్ష గదిలో. అందరూ ఛీ కొడుతున్నారు, ఆయన మధ్యమధ్యలో వంగి సీటు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాడు, మళ్ళీ లేచి నన్ను తిడుతున్నాడు.

నీకొక సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో నేను దుకాణంలోకి వెళ్ళినా, చర్చి ర్యాంపు ఎక్కినా, పాల డబ్బా అందుకున్నా, ఎవరో ఒకరు మొహం మెత్తగా చేసుకుని చూసేవారు. తప్పు చేసినా తప్పనేవారు కాదు. శనివారం ఊరంతా నన్ను తిట్టింది, పేరు పెట్టి, నిజంగా కోపంతో. తిరిగి వచ్చేటప్పుడు కారులో హోల్బెక్ దాకా ఏడ్చాను. ఏమైందని లోయిస్ అడిగింది. జలుబన్నాను. నమ్మలేదు, కానీ నర్సు కదా, రుమాలిచ్చి రోడ్డు చూసింది.

రోండాకి చెప్పు, ఆ గుద్దు తప్పే, ఒప్పుకుంటున్నాను. మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ గుద్దుతానని కూడా చెప్పు.

మీ అత్త,
స్టెఫానియా